ఐస్ ఫిషింగ్‌కి చక్రాల ఇల్లు: ఎంచుకోవడం, లాగడం, సరస్సు మీద దించడం

మిన్నెసోటాలో, మినియాపోలిస్ పక్కనున్న ఎడెన్ ప్రెయిరీలోనో మేపుల్ గ్రోవ్‌లోనో స్థిరపడి రెండు మూడు చలికాలాలు గడిచాక, ఆఫీసులో ఎవరో ఒకరు ఐస్ ఫిషింగ్‌కి, అంటే గడ్డకట్టిన సరస్సు మీద రంధ్రం చేసి చేపలు పట్టడానికి, రమ్మంటారు. మొదటిసారి తిరగేసిన బకెట్ మీద కూర్చుని వణకడమే సరిపోతుంది. తర్వాత ఎప్పుడో ఒకరి వీల్‌హౌస్‌లో, అంటే చక్రాల ఇంట్లో, రాత్రి గడిపే అవకాశం వస్తుంది. బయట మైనస్ 20 ఫారన్‌హీట్, లోపల టీషర్టు, నేలలో రంధ్రం, పొయ్యి మీద చారు. ఇంటికి రాగానే ఫోన్‌లో ధరలు చూడటం మొదలుపెడతారు.

నా మాట ముందే చెప్పేస్తాను. చాలామంది మొదట ఇల్లు ఇష్టపడతారు, తర్వాత దాన్ని లాగే బండి సంగతి చూస్తారు, ఐస్ గురించి ఆలోచన ఆఖరికి వస్తుంది. వరస దీనికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఐస్ ఎంత మోస్తుంది, మీ బండి ఎంత లాగుతుంది అన్నవి తేలాక, ఆ రెండూ ఒప్పుకున్నంత ఇల్లు కొనాలి. దాదాపు ప్రతిసారీ అది మీరు ముచ్చటపడ్డ దానికంటే ఒక సైజు చిన్నదే అవుతుంది.

వీల్‌హౌస్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. చూడటానికి మామూలు క్యాంపింగ్ ట్రైలర్‌లా ఉంటుంది. తేడా చక్రాల దగ్గర ఉంది. చక్రాలు ఫ్రేమ్‌కి బిగించిన కదిలే ఇనుప చేతుల మీద ఉంటాయి. ఆ చేతులు పైకి లేస్తే ఇల్లు మొత్తం కిందికి దిగి ఫ్రేమ్ ఐస్ మీద కూర్చుంటుంది. నేలలో మూతలున్న రంధ్రాలు ఉంటాయి. మూత తీసి, ఆగర్‌తో, అంటే ఐస్‌ని తొలిచే పొడవాటి డ్రిల్లుతో, తూటు పొడిచి, గాలం వేసుకుని కూర్చోవడమే.

కొనే ముందు ఒక రాత్రి అద్దెకు తీసుకోండి

మిల్ లాక్స్, లేక్ ఆఫ్ ది వుడ్స్, అప్పర్ రెడ్ లేక్ సరస్సుల చుట్టూ ఉన్న రిసార్టులు స్లీపర్ హౌస్ పేరుతో ఐస్ మీద పడుకునే ఇళ్లను అద్దెకిస్తాయి. కుటుంబంతో వెళ్లి ఒక రాత్రి ఉండి చూడండి. పిల్లలు ఎన్ని గంటలకి విసుగెత్తుతారు, బంకు పడకలు మీ నడుముకి సరిపడతాయా, టాయిలెట్ లోపలే ఉండి తీరాలా అన్నవి ఏ బ్రోషర్ చదివినా తెలియవు. ఇక చలికాలంలో మూడు నాలుగు వారాంతాలే వెళ్లేవాళ్లకైతే ఏటా అద్దెకు తీసుకోవడమే లాభం. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

ఐస్ మోసే బరువు

మిన్నెసోటా సహజ వనరుల శాఖ, అందరూ డీఎన్ఆర్ అని పిలిచేది, గట్టిపడిన కొత్త తేట ఐస్‌కి కొన్ని అంకెలు ఇస్తుంది. మనిషి నడవడానికి 4 అంగుళాలు, చిన్న కారుకి 9 నుంచి 10, మధ్యరకం ట్రక్కుకి 13, హెవీ డ్యూటీ ట్రక్కుకి 16 నుంచి 17 అంగుళాలు. అదే ట్రక్కు వెనక వీల్‌హౌస్ ఉంటే 20 అంగుళాలు, ఆపైన. స్నో కలిసి గడ్డకట్టిన తెల్లటి ఐస్ అయితే ఈ అంకెల్ని రెట్టింపు చేసుకోవాలి. ఇంత చెప్పీ, పూర్తి భద్రమైన ఐస్ అంటూ ఏదీ లేదని ఆ శాఖే హెచ్చరిస్తుంది.

ఇరవై అంగుళాలు ఊరికే వచ్చేవి కావు. చలి ఆలస్యమైన ఏడాది మిన్నెసోటా దక్షిణ సరస్సుల్లో చాలావరకు ఆ మందం అసలు రాకపోవచ్చు. అంటే బరువైన ఇల్లు కొన్నవాళ్లకి సీజన్ పొట్టిదైపోతుంది, లేదా ఐదు గంటలు డ్రైవ్ చేసి కెనడా సరిహద్దులోని బాడెట్ దాకా వెళ్లాల్సి వస్తుంది. తేలికైన ఇంటికి ఒక వారం ముందే దారి దొరుకుతుంది. బరువు గురించి ఇంతగా నసపెట్టడానికి మొదటి కారణం ఇదే.

సరస్సు స్వభావమూ చూసుకోవాలి. అప్పర్ రెడ్ లేక్ లోతు తక్కువ కాబట్టి తొందరగా గడ్డకడుతుంది. ఆ తొందరే ప్రమాదం కూడా. 2022 నవంబరు 28న అక్కడ ఐస్ పలక విరిగి ఒడ్డు నుంచి దూరంగా జరిగిపోతే దాదాపు 200 మందిని రక్షించాల్సి వచ్చింది. 2023 డిసెంబరు చివర మళ్లీ అదే సరస్సులో 122 మందిని ఒడ్డుకి చేర్చారు. మిల్ లాక్స్ విస్తీర్ణం సుమారు 1,32,000 ఎకరాలు. అంత వెడల్పు మీద గాలి వీస్తే ఐస్ పలకలు ఒకదాన్నొకటి తోసుకుని పగుళ్లు, గట్లు లేస్తాయి. నిన్న వెళ్లిన దారి ఇవాళ ఉండకపోవచ్చు.

మీ బండి లెక్క

మన ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే బండ్లతోనే మొదలుపెడదాం. టొయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ లాగగలిగేది 3,500 పౌండ్లు. టోయింగ్ సదుపాయం ఉన్న హైలాండర్, ఆల్ వీల్ డ్రైవ్ పైలట్ అయితే 5,000 పౌండ్లు. పదహారు అడుగుల పూర్తి సదుపాయాల వీల్‌హౌస్, సామాను ఎక్కించాక, 5,000 పౌండ్లు తేలిగ్గా దాటేస్తుంది. కాబట్టి ఎస్‌యూవీతోనే పని కానివ్వాలంటే పన్నెండు అడుగుల దరిదాపుల్లో, సన్నగా, తక్కువ హంగులతో ఉన్నది చూసుకోవాలి. మినీవ్యాన్‌తో ఈ ఆలోచనే వద్దు.

ట్రక్కు ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా ఉండకూడదు. ప్రకటనలో 9,000 పౌండ్లు లాగుతుందని రాస్తారు. మీరు చూడాల్సింది డ్రైవర్ తలుపు చట్రం మీద ఉన్న స్టిక్కర్. మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మించకూడదో అందులో ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు.

ఒక లెక్క వేద్దాం. సామానుతో కలిపి ఇల్లు 6,500 పౌండ్లు అనుకోండి. ట్రైలర్ ముందు భాగం (టంగ్) బండి వెనక ఉండే హిచ్ అనే తగిలింపు మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. 13 శాతం వేసుకుంటే 845 పౌండ్లు. నలుగురు మనుషులు 600. హిచ్ పరికరం 50. వెనక తొట్టిలో జనరేటరు, ఆగర్, స్లెడ్ కలిపి 200. మొత్తం 1,695. స్టిక్కర్ మీద 1,550 ఉంటే, 9,000 లాగే ట్రక్కు కూడా 6,500 పౌండ్ల ఇంటి దగ్గరే చేతులెత్తేసినట్టు. ఎఫ్-150 రకం ట్రక్కులు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి. లాగే శక్తి మిగిలే ఉంటుంది, మోసే శక్తి ముందు అయిపోతుంది.

టంగ్ వెయిట్ తగ్గించుకుంటే సరిపోతుందిగా అనిపించవచ్చు. అది మరింత ప్రమాదం. ముందు బరువు తక్కువైతే ట్రైలర్ హైవే మీద తోక ఊపడం మొదలుపెడుతుంది.

ఇల్లు ఎంచుకోవడం

మిన్నెసోటాలోని మాంటెవిడియోకి చెందిన ఐస్ క్యాజిల్ పేరు అందరూ విన్నదే. యెట్టీ, గ్లేసియర్ లాంటివీ ఉన్నాయి. బ్రాండు కంటే ముందు ఎముకల గూడు చూడండి. ఉక్కు ఫ్రేమ్ చవక, గట్టిది, కానీ బరువు, తుప్పు. అల్యూమినియం ఫ్రేమ్ ఖరీదు ఎక్కువ, కానీ ఉప్పు చల్లిన రోడ్ల మీద ఏళ్ల తరబడి నిలబడుతుంది, వందల పౌండ్లు తగ్గిస్తుంది. డబ్బు ఎక్కడో ఒకచోట ఎక్కువ పెట్టాలంటే నేను ఇక్కడే పెడతాను, టీవీకీ తోలు సోఫాకీ కాదు.

గోడల్లో స్ప్రే ఫోమ్ ఉంటే వెచ్చదనం నిలుస్తుంది, గోడలూ బిగుతుగా ఉంటాయి. ఫైబర్‌గ్లాస్ దూది నింపినవి చవక. కానీ లోపల ఊపిరి ఆవిరి, వంట ఆవిరి ఆ దూదిలోకి చేరితే తడి పట్టి చెక్క కుళ్లుతుంది.

దించే పద్ధతుల్లో ప్రధానంగా రెండున్నాయి. ఒకటి చేత్తో తిప్పి కేబుల్ చుట్టే వించ్, రెండోది బ్యాటరీతో నడిచే హైడ్రాలిక్. హైడ్రాలిక్‌లో బటన్ నొక్కితే చాలు, కాకపోతే ఖరీదూ బరువూ పెరుగుతాయి, గడ్డకట్టే చలిలో పాడైతే అక్కడ బాగుచేసేవాళ్లు దొరకరు. చిన్న ఇంటికి వించ్ చాలు. ఇరవై అడుగుల ఇంటిని మైనస్ 20లో చేత్తో తిప్పి ఎత్తడం మాత్రం ఒంటరిగా చేసే పని కాదు. పెద్దది కొంటే హైడ్రాలికే తీసుకోండి.

వెడల్పు ఆరున్నర అడుగులా, ఎనిమిదా? ఎనిమిది అడుగుల్లో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే మధ్యలో నడవడానికి దారి ఉంటుంది. ఆరున్నర అడుగులది లాగడానికి సుఖం, అద్దాల్లో వెనక రోడ్డు కనబడుతుంది. ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఎనిమిది వెడల్పు, పద్నాలుగు పదహారు పొడవు బాగా సరిపోతుంది. షవర్, ఫ్రిజ్, ఏసీ ఉన్న ఆర్‌వీ తరహా ఇళ్లు వేసవిలో క్యాంపింగ్‌కీ పనికొస్తాయి, నిజమే. అలా వాడతామని కొని, వేసవంతా కవరు కప్పి ఉంచేవాళ్లూ ఉన్నారు.

ఎన్ని రంధ్రాలు ఉన్నాయో కాదు, ఎక్కడున్నాయో చూడండి. మంచం మీద పడుకుని గాలం అందుకోగలగాలి. పదింటిలో సగం బల్ల కిందా తలుపు దారిలోనూ ఉంటే ఆ పదీ వృథా.

ఇంకో సంగతి, కొనే హడావిడిలో మరిచిపోయేది: మిగతా ఎనిమిది నెలలు దాన్ని ఎక్కడ పెడతారు? ఇంటి ముందు ట్రైలర్ నిలపడానికి చాలా హెచ్ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) ఒప్పుకోవు. స్టోరేజ్ అద్దెను కూడా ధరలో కలిపి చూసుకోండి.

పాతది కొంటే

పాత ఇళ్లు మార్చి, ఏప్రిల్ నెలల్లో చూడండి. వాడకం అయిపోయి, జాగా ఖాళీ చేయాలనుకునేవాళ్లు బేరానికి వస్తారు. నవంబరులో అదే ఇంటికి ఎవరూ తగ్గించరు.

టార్చి, స్క్రూడ్రైవరు తీసుకెళ్లండి. రంధ్రాల చుట్టూ ఉన్న నేలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే చెక్క మెత్తబడిందా లేదా తెలిసిపోతుంది. నీళ్లు ముందు చేరేది అక్కడే. తర్వాత కింద పడుకుని చక్రాల చేతులు ఫ్రేమ్‌కి కలిసే చోట వెల్డింగ్ చూడండి. అక్కడ సన్నటి పగులు కనబడితే ధర ఎంత తగ్గించినా వద్దు. వించ్ కేబుల్ పోగులు లేచిందా, పైకప్పు అతుకుల దగ్గర మరకలున్నాయా, ఫర్నేస్ అరగంట ఆగకుండా వెలుగుతుందా చూడండి. మీ కళ్లముందే పూర్తిగా దించి, ఎత్తి చూపించమనండి. టైటిల్ (యాజమాన్య పత్రం) మీది నంబరు, ఫ్రేమ్ మీది నంబరు ఒకటే అయి ఉండాలి.

హిచ్ తగిలించడం

హిచ్ మీద ఉండే ఇనుప గుండుని బాల్ అంటారు, దాన్ని పట్టుకునే ట్రైలర్ కొసని కప్లర్ అంటారు. బాల్ సైజు కప్లర్ మీద రాసి ఉంటుంది, సాధారణంగా 2 అంగుళాలు లేదా 2-5/16 అంగుళాలు. చిన్న బాల్ మీద పెద్ద కప్లర్ కూర్చున్నట్టే ఉండి, గతుకు రాగానే లేచిపోతుంది. తగిలించాక ట్రైలర్ ముందున్న జాక్‌తో కొంచెం పైకి ఎత్తి చూడండి. ట్రక్కు వెనక భాగం కూడా లేస్తే పట్టు సరిగ్గా ఉన్నట్టు. గొలుసులు టంగ్ కింద ఒకదానిమీదొకటి అడ్డంగా వెళ్లేలా తగిలించండి, ట్రైలర్ ఊడినా టంగ్ రోడ్డుకి తగలకుండా వాటిలో పడుతుంది. బ్రేక్‌అవే కేబుల్‌ని ఆ గొలుసులకి కాకుండా ట్రక్కుకే విడిగా కట్టాలి. ట్రైలర్ ఊడిపోతే బ్రేకులు వేసేది అదే.

మిన్నెసోటాలో 3,000 పౌండ్లు, ఆపై బరువున్న ట్రైలర్‌కి సొంత బ్రేకులు తప్పనిసరి. కాబట్టి ట్రక్కులో, ట్రైలర్ బ్రేకుల్ని నడిపే బ్రేక్ కంట్రోలర్ ఉండాలి. లైట్లు, ఇండికేటర్లు, బ్రేకు ఒకరు వెనక నిలబడి చూడాలి.

సామాను సర్దేటప్పుడు బరువులో అరవై శాతం ఆక్సిల్‌కి ముందుండేలా చూసుకోండి. మొదటి ట్రిప్పుకి ముందు పూర్తిగా ఎక్కించి, హైవే పక్కన ట్రక్కు స్టాపులో ఉండే క్యాట్ స్కేల్ మీద తూకం వేయించండి. అక్కడ వచ్చే అంకెకీ డీలరు చెప్పిన అంకెకీ తేడా చూసి ఆశ్చర్యపోతారు.

టైర్ల గాలి వాతావరణం ప్రతి 10 డిగ్రీల ఫారన్‌హీట్ పడిపోయినప్పుడల్లా దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబరులో నింపిన గాలితో జనవరిలో బయల్దేరకండి.

హైవే మీద

ట్రైలర్ టైర్లలో చాలావాటి వేగ పరిమితి గంటకు 65 మైళ్లు. రోడ్డు పొడిగా ఉన్నా 60 చాలు. ముందు బండికీ మీకూ మామూలు కంటే రెండింతల దూరం ఉంచండి, రోడ్డు జారుతుంటే ఇంకా ఎక్కువ. ఐస్ పట్టిన రోడ్డు మీద కంట్రోలర్‌లో ట్రైలర్ బ్రేకు బలం కాస్త తగ్గించాలి, లేకపోతే ట్రైలర్ చక్రాలు బిగుసుకుని పక్కకి జారతాయి.

ట్రైలర్ ఊగడం మొదలైతే మన కాలు తనంతట తనే బ్రేకు మీదికి వెళ్తుంది. వెళ్లనివ్వకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, యాక్సిలరేటర్ మీద కాలు తీయండి, చేత్తో కంట్రోలర్ మీటని నెమ్మదిగా నొక్కి ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేయండి. ఇది బయల్దేరే ముందు ఖాళీ పార్కింగ్ లాట్‌లో సాధన చేయాల్సిన విషయం. రివర్స్ కూడా అక్కడే నేర్చుకోండి. స్టీరింగ్ కింద అంచు పట్టుకుంటే చేయి ఎటు జరిగితే ట్రైలర్ వెనక భాగం అటు వెళ్తుంది.

ఒడ్డు దిగి ఐస్ మీదికి

రిసార్టు వాళ్లు స్నో తోసి ఐస్ రోడ్లు వేస్తారు, పగుళ్ల మీద వంతెనలు పెడతారు, మందం రోజూ కొలుస్తారు. దానికి డబ్బు తీసుకుంటారు. మొదటి ఏడాది ఆ డబ్బు కట్టేసి వాళ్ల దారిలోనే వెళ్లండి, వాళ్లు మీ బరువున్న ఇంటిని వద్దంటే వాదించకండి.

ఐస్ మీదికి వెళ్లేటప్పుడు సీట్ బెల్టులు తీసేయాలి, కిటికీలు దించాలి. రోడ్డు మీద నేర్చుకున్న దానికి ఇది విరుద్ధమే, కానీ ఐస్ విరిగితే బయటికి వచ్చే దారి అదొక్కటే. వేగం గంటకు 15 మైళ్లు దాటకూడదు. బండి కదులుతుంటే ఐస్ కింద నీళ్లలో ఒక అల పుడుతుంది, అది ఒడ్డుకి కొట్టుకుని తిరిగొచ్చేటప్పుడు ఐస్‌ని కింది నుంచి ఎత్తి విరగ్గొట్టగలదు. ఒడ్డు దగ్గరపడేకొద్దీ ఇంకా నెమ్మదిగా వెళ్లాలి. ముందు బండి వెనకే అంటుకుని వెళ్లకండి.

ఆగిన చోట మీ సొంత ఆగర్‌తో తూటు పొడిచి మందం మీరే కొలవండి. ట్రక్కుని ఇంటి పక్కనే పెట్టి వదిలేయొద్దు. వాహనాల మధ్య కనీసం 50 అడుగులు ఉంచి, రెండు గంటలకోసారి చోటు మార్చమని డీఎన్ఆర్ సలహా. ట్రక్కు పక్కన ఒక రంధ్రం చేసి ఉంచితే గమనించడం తేలిక. అందులోంచి నీళ్లు పైకి పొంగితే ఐస్ కుంగుతున్నట్టు. వెంటనే బండి తీసేయాలి.

బండి మునిగితే దాన్ని బయటికి తీయించే ఖర్చు, బాధ్యత యజమానివే. మిన్నెసోటా చట్టం దానికి 30 రోజుల గడువిస్తుంది.

దించడం

ఇతర షెల్టర్లకి, అంటే ఐస్ మీది ఇళ్లకి, కనీసం 10 అడుగుల దూరంలో చోటు చూసుకోండి. ఇల్లు కూర్చునే చోట స్నో మొత్తం గీకి ఐస్ బయటపెట్టాలి. ఫ్రేమ్ మూలల కింద మందపాటి చెక్క దిమ్మలు వేయడం మరవొద్దు. లోపలి వేడికి ఫ్రేమ్ చుట్టూ కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. దిమ్మలు లేకపోతే మర్నాడు ఇల్లు సరస్సుకి అతుక్కుపోతుంది.

ట్రక్కు విడదీసి పక్కకి తీశాక, వించ్ మీద బరువు తీసుకుని, లాకింగ్ పిన్నులు తీసి, నెమ్మదిగా వదలండి. ఏ మూల ముందు దించాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, తయారీదారు పుస్తకంలోని వరసే పాటించండి. వించ్ పిడి చేతిలోంచి జారితే గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొట్టేంత బలంతో కొడుతుంది. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు, మీ కాలు ఫ్రేమ్ కింద ఉండకూడదు.

దిగాక చుట్టూ స్నోని గట్టులా పోయండి. కింది నుంచి వచ్చే చలిగాలి ఆగిపోతుంది. లోపల రంధ్రాలు పొడవడానికి బ్యాటరీ ఆగర్ వాడండి. పెట్రోలు ఆగర్ పొగ మూసిన గదిలో ప్రాణాంతకం.

లోపల రాత్రి

కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో ప్రతిసారీ బటన్ నొక్కి చూడండి. జనరేటరు బయట, గాలి వాలులో, ఇంటికి దూరంగా ఉండాలి. పైకప్పు వెంట్ కొంచెం తెరిచే ఉంచండి, ఎంత చలిగా ఉన్నా సరే. లేదంటే తెల్లారేసరికి కిటికీలూ పరుపులూ తడిసి ఉంటాయి. పోపు వేసేటప్పుడైతే వెంట్ పూర్తిగా తెరవాలి, ఎండుమిరపకాయ ఘాటుకి పొగ అలారం ఊరుకోదు. వాలై చేపకి ఉప్పూకారం పట్టించి పెనం మీద వేయించుకోవడం ఆ శ్రమకి తగిన పనే.

లిథియం బ్యాటరీ అయితే దాని ఉష్ణోగ్రత 32 ఫారన్‌హీట్ కంటే తక్కువ ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టకూడదు, పాడైపోతుంది. దాన్ని ఇంటి లోపలే ఉంచండి.

నిబంధనలు క్లుప్తంగా: పదహారేళ్లు నిండినవాళ్లకి ఫిషింగ్ లైసెన్సు కావాలి. ఐస్ మీద ఒక్కొక్కరికి రెండు గాలాలు. ఇంటి బయట గుర్తింపు వివరాలు 2 అంగుళాల ఎత్తు అక్షరాల్లో, ప్రతి వైపూ కాంతిని ప్రతిఫలించే పట్టీ ఉండాలి. తలుపు బయటి నుంచి తెరుచుకునేలా ఉండాలి. చెత్త, మురుగు ఐస్ మీద వదలడాన్ని నిషేధించే చట్టం 2023లో వచ్చింది. షెల్టర్లు తీసేయాల్సిన గడువు దక్షిణాన మార్చి మొదటి సోమవారం, ఉత్తరాన మూడో సోమవారం. సరిహద్దు జలాలకి లెక్క వేరు. ఏటా డీఎన్ఆర్ పుస్తకంలో చూసుకోండి.

తిరుగు ప్రయాణం

చీకటి పడేదాకా ఆగొద్దు. ముందు రంధ్రాల మూతలు వేసి, కదిలే సామాను కట్టేయండి. ఫ్రేమ్ ఎక్కడైనా అతుక్కుంటే ఇనుప గునపంతో చుట్టూ ఐస్ కొట్టి విడిపించాలి. ట్రక్కుతో గుంజితే ఐస్ కంటే ముందు వంగేది మీ ఫ్రేమ్. ఎత్తాక లాకింగ్ పిన్నులన్నీ చేత్తో తడిమి చూడండి. పిన్ను సరిగ్గా పడని ఇల్లు హైవే మీద చక్రం మీద కూలుతుంది. ఫ్రేమ్ కింద వేలాడే ఐస్ ముక్కలు, పైకప్పు మీది స్నో సరస్సు మీదే రాల్చేయండి. 60 మైళ్ల వేగంలో అవి వెనక వచ్చేవాళ్ల అద్దం మీద పడతాయి. ఒడ్డెక్కిన తర్వాత మొదటి ఐదారు మైళ్లలో ఒకసారి ఆపి చక్రాల నట్లు, హబ్‌ల వేడి చూసుకోండి.

ఊరు చేరాక అడుగు భాగాన్ని ఉప్పు పోయేదాకా నీళ్లతో కడగాలి. సీజన్ అయ్యాక బేరింగులకి గ్రీజు పెట్టించి, నీళ్ల పైపులు ఖాళీ చేసి, బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టి, తినే వస్తువు ఒక్కటీ లేకుండా ఊడ్చేయండి. ఎలుకలకి స్ప్రే ఫోమ్ గోడలూ ఒకటే, దూది గోడలూ ఒకటే.